లోహమునకు లెక్క చెప్పు శాస్త్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ సభలలో పురాణములను గూర్చియో, ప్రబంధములను గూర్చియో, దేశభక్తుల చరిత్రములను గూర్చియో ఉపన్యసించుట వాడుక. నేటి విషయము వానికి కొంత దూరమైనది. దీని పేరు కర్బన లోహ రసాయనము. బొగ్గునకు మూలమైన కర్బనమును, ఇనుము, సీసము, పాదరసము మొదలగు లోహములును నేరుగా చేయి కలిపినపుడు పుట్టు పదార్థములను గూర్చిన శాస్త్రమిది. పేరు క్రొత్తదిగా తోచినను ఈ శాస్త్రము పల్లెకు క్రొత్తది కాదు. రక్తపుపోటునకు వేసికొను మాత్ర తయారీలోను, విత్తనపు సంచిలోను, పెరుగు గిన్నెలోను, మోటారుబండి పొగలోను అది ఎన్నడో ఊరు చేరినది. కొన్నిట మేలు తెచ్చినది. కొన్నిట కీడు తెచ్చినది.

మేలు ఎక్కడ, కీడు ఎక్కడ అని తెలిసికొనుటకు ఒక గురుతు కలదు. లోహము ఎచ్చటినుండి వచ్చెను? ఏ పని చేసెను? తుదకు ఎచ్చటికి పోయెను? ఈ మూడు ప్రశ్నలకును జవాబు చెప్పగలిగిన చోట మేలు కలిగినది. మూడవ ప్రశ్నకు జవాబు లేనిచోట కీడు మూడినది. జమయు ఖర్చును వ్రాసి నిలువ తేల్చని చిఠా గ్రామమునకు ఎంత చేటో, లెక్క తేలని లోహము లోకమునకు అంత చేటు. ఈ ఒక్క మాటను ఉదాహరణములతో నిరూపించుటయే ఈ ఉపన్యాసమునకు ఉద్దేశము. మొదటి ఉదాహరణమునకు దూరదేశము పోనక్కఱ లేదు, సికింద్రాబాదు చాలును.

మూడవ నిజాము సికందర్ జా పేరిట 1806లో వెలసిన ఆ దండు పట్టణమున, బేగంపేటలో, ఒక పాత భవనము నేటికిని నిలిచియున్నది. రొనాల్డ్ రాస్ పరిశోధన చేసిన చోటని దానికి ప్రసిద్ధి. ఆయన సైన్యముతో వచ్చిన వైద్యుడు. చలిజ్వరము, అనగా మలేరియా, దోమ వలన వ్యాపించునేమో యను సందేహముతో ఏండ్ల తరబడి దోమలను కోసి చూచుచుండెను. హుస్సేన్ ఖాన్ అను రోగి తన్ను దోమలు కుట్టుటకు ఒప్పుకొనెను. ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా అతనికి ముట్టెను. 1897 ఆగస్టు 20వ తేదీన అట్టి దోమలలో నొకదాని పొట్టను కోసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షింపగా, పొట్ట గోడలో గుండ్రని కణములును, వానిలో నల్లని రేణువులును రాస్‌కు కనబడెను. మలేరియా రోగుల రక్తములో కనబడు నల్లని రేణువులును అట్టివే. రోగి రక్తములోని క్రిమి దోమ పొట్టలో పెరుగుచున్నదనుటకు ఆ నల్లని రేణువులే సాక్ష్యమిచ్చినవి. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి ఆయన తక్కిన కథను పూర్తి చేసెను. 1902లో నోబెల్ బహుమానము వచ్చెను.

ఆ నల్లని రేణువు లేమి? రాస్ కాలమున దానికి పూర్తి సమాధానము లేదు, నేడు కలదు. మలేరియా క్రిమి మనుష్యుని ఎఱ్ఱ రక్తకణములో దూరి అందలి హిమోగ్లోబినును ఆరగించును. హిమోగ్లోబినులో మాంసకృత్తు భాగమొకటి, ఇనుమును ధరించిన హీము అను భాగమొకటి కలవు. మాంసకృత్తు క్రిమికి ఆహారము. మిగిలిన హీము దానికి విషము. విషమును కడుపులో నుంచుకొని బ్రదుకుట ఎట్లు? క్రిమి ఆ హీమును ఒకదానితో నొకటి పేర్చి, కరుగని స్ఫటికములుగా కట్టి ప్రక్కన బెట్టును. ఆ స్ఫటికములే రాస్ చూచిన నల్లని రేణువులు. కంటికి కనరాని ఆ క్రిమి కూడ తాను తిన్న యినుమునకు లెక్క తేల్చుకొనుచున్నదన్నమాట.

1934లో జర్మనీలో హాన్స్ ఆండర్సాగ్ అను రసాయనికుడు సిద్ధము చేసిన క్లోరోక్విన్ అను మందు ఈ లెక్కనే తప్పించును. హీము స్ఫటికముగా పేరుకొనకుండ అది అడ్డుపడును. పేరుకొనని హీము క్రిమినే చంపును. ఎన్నో ఏండ్లు ఈ మందు లోకమును కాపాడినది. కాని 1950ల చివరనుండి ఆగ్నేయాసియాలోను, దక్షిణ అమెరికాలోను ఈ మందునకు లొంగని క్రిములు తలయెత్తినవి. మందు తమ లోపల చేరగనే దానిని బయటికి నెట్టివేయు ద్వారపాలకుని అవి సంపాదించుకొన్నవి. ఆ ద్వారపాలకుని దాటు ఉపాయము కర్బన లోహ రసాయనము వైపునుండి వచ్చినది. ఆ సంగతి చెప్పుటకు ముందు ఈ శాస్త్రస్వరూపము కొంత తెలియవలెను.

ఇనుము కలిగిన ప్రతి జీవపదార్థమును కర్బన లోహము కాదు. హీములో ఇనుమును పట్టియుంచునది నత్రజని, కర్బనము కాదు. ఆకుల పచ్చదనములోని మెగ్నీషియమును కూడ నత్రజనియే పట్టియుండును. లోహ పరమాణువు, కర్బన పరమాణువు నేరుగా బంధించుకొనిననే కర్బన లోహ సమ్మేళన మనబడును. 1827లో డెన్మార్కు దేశీయుడు త్సైసె ప్లాటినముతో అట్టి లవణము నొకదానిని చేసెను. 1849లో ఇంగ్లండు దేశీయుడు ఎడ్వర్డ్ ఫ్రాంక్లండ్ తుత్తునాగముతో ఒక ద్రవమును చేసెను. అది గాలి సోకినంతనే భగ్గున మండెడిది. అంతటి చపల పదార్థమును గాలి తగులనీయక పట్టి పరీక్షించి ఆయన ఈ శాస్త్రమునకు పునాది వేసెను.

ఇక్కడ ఒక మాట. మన రసవైద్యులు కజ్జలిని, మకరధ్వజమును చేసిరి గదా, ఇది మనకు క్రొత్తయా యని కొందఱు అడుగవచ్చును. అవి పాదరస గంధకముల సమ్మేళనములు. కర్బన లోహములు కావు. పూర్వులు సర్వమును ఎఱుగుదురనుట భక్తి కావచ్చును గాని చరిత్ర కాదు. అయినను వారి నియమ మొకటి మెచ్చదగినది: శోధన లేక, మారణము లేక ఏ లోహమును రోగి కీయరాదు. లోహము పేరు చూచి లాభము లేదు, అది ఏ రూపమున నున్నదో చూడవలెనను జ్ఞానము ఆ నియమమున నున్నది. నేటి శాస్త్రమునకును అదియే మొదటి పాఠము.

రూపము మారిన నేమగును? సీసపు ముద్దను చేత పట్టుకొన్నచో అది చర్మమును దాటి లోనికి పోజాలదు. అదే సీసమునకు నాలుగు వైపుల కర్బనపు వస్త్రము కప్పినచో అది నూనెలో కరగు ద్రవ మగును. చర్మమునుండి దూరును, మెదడును చేరును. లోహము ఒంటరిగా పోలేని చోటికి కర్బనము దానిని చేర్చును. కోటలోనికి పోవు వానికి ఇచ్చు చీటి వంటిది కర్బనము. చీటి పట్టుకొని లోనికి పోవువాడు వైద్యుడు కావచ్చును, దొంగయు కావచ్చును.

దొంగల కథ ముందు చెప్పవలెను. 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ యను ఇంజనీరు, మోటారు ఇంజను కొట్టుకొనకుండ సాఫీగా నడచుటకు పెట్రోలులో కలుపదగిన పదార్థమును కనుగొనెను. అదియే పైన చెప్పిన నాలుగు కర్బన వస్త్రముల సీసము. శాస్త్రజ్ఞులు దానిని టెట్రాఇథైల్ లెడ్ అందురు. ఇంజను చక్కగా నడచినది. సీసము ఎక్కడినుండి వచ్చెనో తెలియును. ఏ పని చేసెనో తెలియును. పిదప ఎచ్చటికి పోయెను? పొగగొట్టమునుండి సన్నని ధూళిగా వీధిలో పడెను. 1924లోనే అమెరికాలో దానిని తయారుచేయు పనివారు కొందఱు మతి చలించి మరణించిరి. అయినను వ్యాపారము ఆగలేదు. వీధి ధూళిలోని సీసము పసిపిల్లల బుద్ధివికాసమునకు హాని చేయునని ప్రపంచము ఒప్పుకొనుటకు దశాబ్దములు పట్టినది. సికింద్రాబాదు గడియారస్తంభము చుట్టు తిరిగిన మోటారుబండ్లును చిరకాలము పెట్రోలుతో పాటు సీసమును కాల్చినవే. 2000 ఫిబ్రవరి 1వ తేదీనుండి మన దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్మవలెనని నియమము వచ్చినది. లోకమున కట్టకడపట 2021 జూలైలో ఆల్జీరియా దేశము మోటారుబండ్లకు సీసపు పెట్రోలును మానినది. ఒక్క లోహమునకు లెక్క అడుగక పోవుట వలన కలిగిన తప్పును దిద్దుటకు లోకమునకు నూఱేండ్లు పట్టినది.

పాదరసము కథ ఇంతకంటె విషాదకరము. జపానులో మినమాటా యను సముద్రతీర పట్టణమున ఒక కర్మాగారము పాదరస లవణమును ఉత్ప్రేరకముగా వాడెడిది. ఉత్ప్రేరకమనగా తాను ఖర్చు కాక రసాయన క్రియను నడిపించునది. ఖర్చు కానిది మిగిలియుండవలెను గదా! కొంత మిగులలేదు. కర్బనముతో కూడి మిథైల్ పాదరసమై మురుగునీటితో సముద్రమున కలిసెను. దానిని చేపలు తినెను, చేపలను పిల్లులు తినెను, మనుష్యులు తినిరి. పిల్లులు పిచ్చెత్తి గిరగిర తిరిగి చచ్చినవి. తల్లి గర్భములోని శిశువులకు కూడ విషము సోకినది. ఆ వ్యాధి 1956లో అధికారికముగా గుర్తింపబడినను, ఆ పద్ధతిని కర్మాగారము 1968 వఱకు మానలేదు. ఆ పట్టణము పేరిటనే పాదరస నియంత్రణమునకై 2013లో పలు దేశములు ఒక ఒప్పందము చేసికొన్నవి. 2018లో మన దేశము దానిని ధ్రువపఱచినది.

రైతులు ప్రత్యేకముగా వినవలసిన సంగతి మఱొకటి. విత్తనమునకు బూజు పట్టకుండ కర్బన పాదరసపు మందులు పట్టించుట ఒకప్పుడు లోకమంతట వాడుక. 1971లో కఱవు పాలైన ఇరాకు దేశమునకు విదేశములనుండి గోధుమ, బార్లీ విత్తనములు అట్లు మందు పట్టించి, గుర్తుగా ఎఱ్ఱని రంగు వేసి, పంపిరి. కొన్నిచోట్ల విత్తనములు విత్తుకాలము దాటిన పిదప చేరినవి. ఆకలిగొన్న సంసారులు వానిని కడిగిరి. రంగు పోయినది, రంగుతో పాటు విషమును పోయినదని తలచి రొట్టెలు కాల్చుకొని తినిరి. రంగు నీటిలో పోయినది గాని పాదరసము పోలేదు. ఆ చలికాలమున 6,530 మంది ఆసుపత్రుల పాలైరి. వారిలో 459 మంది మరణించిరి. సంచులమీద హెచ్చరిక లేకపోలేదు. కాని అది ఆ రైతులు చదువజాలని పరాయి భాషలో నుండెను. గ్రామమునకు గ్రంథాలయ మెందులకని ఎవరేని అడిగినచో ఈ ఒక్క వృత్తాంతము చెప్పిన చాలును. మన దేశమున ఇథైల్ మెర్క్యురీ క్లోరైడు, ఫినైల్ మెర్క్యురీ ఎసిటేటు అను పాదరసపు మందులు నేడు నిషిద్ధముల పట్టికలో నున్నవి. అయినను ఏ మందైనను పట్టించిన రంగు విత్తనము కడిగినంత మాత్రమున తిండిగింజ కాజాలదు. కోళ్ళకు, పశువులకు సైతము పెట్టరాదు.

ఇంతవఱకు విన్నవారికి ఈ శాస్త్రమే చెడ్డదని తోచవచ్చును. అది తొందరపాటు. మనుష్య శరీరమే కర్బన లోహము లేక నిలువజాలదు. బి12 అను విటమిను నడుమ కోబాల్టు లోహము కలదు. శరీరములో పనిచేయు రూపమున ఆ కోబాల్టు కర్బనముతో నేరుగా బంధించుకొనియుండును. దాని సూక్ష్మ నిర్మాణమును డొరొతీ హాడ్జ్‌కిన్ అను విదుషీమణి 1956 నాటికి తేల్చి, 1964లో నోబెల్ బహుమానము నందెను. ఈ విటమిను చాలనిచో రక్తము క్షీణించును, కాళ్ళుచేతులు తిమ్మిరెక్కును. శాకాహారులకు ఇది ముఖ్యముగా పాలు, పెరుగు, మజ్జిగల వలననే లభించును. లోహము తగిన స్థానమున, తగిన పాళ్ళలో, తగిన బంధములో నున్నచో ప్రాణాధార మగునని ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

ఆ తగిన స్థానమును లోహమునకు చూపు పనియే నేటి పరిశోధన. అట్టి పరిశోధన జరుగు చోటు సికింద్రాబాదునకు ఆనుకొనియున్న తార్నాకలోనే కలదు. 1944లో నిజాము ప్రభుత్వము ఒక కేంద్ర పరిశోధనశాలను స్థాపించెను. 1956లో అది భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి క్రిందికి వచ్చి ప్రాంతీయ పరిశోధనశాల యయ్యెను. 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను పేరు దాల్చెను. బొగ్గు, నూనెలు మొదలగువానితో ఆరంభించిన ఆ సంస్థ పిదప మందుల తయారీ పద్ధతులలో ప్రఖ్యాతి గాంచెను. హైదరాబాదు పరిసరములలో మందుల పరిశ్రమ వేళ్ళూనుటకు ఈ సంస్థయు, బాలానగరులోని ప్రభుత్వరంగ మందుల కర్మాగారమును ముఖ్య కారణములు.

మందు తయారుచేయుట యనగా తఱచు రెండు కర్బన ఖండములను అతుకుట. కర్బనము కర్బనముతో అంత సులభముగా అతుకుకొనదు. ఇచ్చట పల్లాడియమను లోహము పెండ్లిండ్ల పేరయ్య వలె పనిచేయును. పేరయ్య మొదట ఒక ఇంటికి పోయి పిల్లవానివారిని ఒప్పించును. పిదప మఱొక ఇంటికి పోయి పిల్లవారిని ఒప్పించును. ఇరువురను ఒక పీటమీద కూర్చుండబెట్టి, మూడుముళ్ళు పడగనే లేచి మఱొక సంబంధము చూచుటకు పోవును. పల్లాడియమును అట్లే మొదటి ఖండపు కర్బనమును పట్టును, రెండవ ఖండపు కర్బనమును పట్టును, రెండిటిని కలిపి తాను తప్పుకొనును. రెండింటిని పట్టియున్న ఆ కొంచెము సేపే అది కర్బన లోహము. ఈ విద్యను కనిపెట్టి పెంపొందించినందులకు రిచర్డ్ హెక్, ఐఇచి నెగిషి, అకిరా సుజుకి అను మువ్వురకు 2010లో నోబెల్ బహుమానము లభించినది. రక్తపుపోటునకు వాడు లోసార్టన్ అను మందును సుజుకి పద్ధతిలో చేయుట ప్రసిద్ధము.

మఱొక విశేషము. మనకు కుడిచేయి, ఎడమచేయి యున్నట్లే కొన్ని అణువులకును కుడి ఎడమ రూపములు కలవు. ఒకటి మందైనచో రెండవది వ్యర్థము కావచ్చును, హానికరమును కావచ్చును. వణుకు రోగమునకు వాడు లీవోడోపా యను మందు మన పొలముగట్ల పెరుగు దూలగొండి గింజలలో ప్రకృతిసిద్ధముగా నున్నది. ప్రకృతి దానిని ఒక్క చేతివాటమునే చేయును. కర్మాగారములో అట్లు ఒక్క రూపమునే చేయుటకు విలియం నోల్స్ రోడియమను లోహపు ఉత్ప్రేరకమును సిద్ధము చేసి 2001 నోబెల్ బహుమానములో భాగస్వామి యయ్యెను. దూలగొండి తీగ తనంత తాను చేయు పనిని మనుష్యుడు లోహము సాయముతో నేర్చుకొనెను.

అయితే పేరయ్యతో ఒక చిక్కు కలదు. పల్లాడియము మిక్కిలి ఖరీదైన లోహము. ద్రావణములో కరగియున్నచో పని ముగిసిన పిదప దానిని వెనుకకు రాబట్టుట కష్టము. కొంత మందులో చిక్కుకొని రోగి కడుపులోనికి పోవును. కొంత పరమాణువు పరమాణువుతో చేరి నల్లని మడ్డియై అడుగున పడి పనికిరాకపోవును. మరల మూడవ ప్రశ్నయే ఎదురగుచున్నది: లోహము తుదకు ఎచ్చటికి పోయెను?

క్షీరసాగర మథనమును ఎఱుగనివారు ఈ సభలో లేరు. మందరము కవ్వము; తాను కరగదు, తఱుగదు, పాలకడలిని మథించును. కాని ఆధారము లేక మందరము మునిగినది. కూర్మము వీపు నొగ్గిన పిమ్మటనే పని సాగినది. మొదట హాలాహలము, పిదప అమృతము పుట్టినవి. ఉత్ప్రేరకము మందరము వంటిది. దానికి కూర్మము వంటి ఆధారమును చేకూర్చుటయే తార్నాక శాస్త్రజ్ఞులు చేసిన పని.

బి. ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం, వారి సహచరులు 2002లో అమెరికా రసాయన సంఘపు పత్రికలో తమ పరిశోధనను ప్రకటించిరి. మెగ్నీషియము, అల్యూమినియములతో చేసిన ఒక పదార్థము తాటాకుల కట్టవలె పొరలు పొరలుగా నుండును. వారు దానిని పల్లాడియమునకు ఆధారముగా చేసిరి. పల్లాడియమును మిక్కిలి సన్నని కణములుగా ఆ పొరల పదార్థమునందు నిలిపిరి. అందు రెండు లాభములు కలిగినవి. మొదటిది: అయోడిను, బ్రోమిను కలిగిన ఖరీదైన ముడిసరకునకు బదులు క్లోరిను కలిగిన చౌక ముడిసరకుతోను అతుకు సాధ్యమయ్యెను. క్లోరిను కర్బనమును గట్టిగా పట్టుకొనియుండును గనుక దానిని విడదీయుట అంతకుముందు కష్టముగా నుండెను. రెండవది: పని ముగిసిన పిదప ఉత్ప్రేరకమును వడపోసి తీసి మరల మరల వాడుటకు వీలయ్యెను. కాఫీపొడిని గుడ్డలో వడపోసినంత తేలికగా లోహము వెనుకకు వచ్చుచున్నది. లక్ష్మీకాంతంగారు తరువాతి కాలమున ఆ సంస్థకే డైరెక్టరు పదవిని అలంకరించిరి.

ఇచ్చట అతిశయోక్తి పనికిరాదు. పరిశోధనశాలలోని చిన్న పాత్రలో జరిగినదెల్ల కర్మాగారపు పెద్ద పాత్రలో అట్లే జరుగదు. ఆధారమునుండి లోహము కొద్దికొద్దిగా జారుట, పలుమార్లు వాడిన పిదప బలము తగ్గుట మొదలగు చిక్కు లుండును. అందుచేతనే ఈ పరిశోధన నేటికిని సాగుచున్నది. ఖరీదైన పల్లాడియమునకు బదులు ఇనుము, రాగి, నికెలు వంటి చౌక లోహములను వాడుటకును లోకమంతట ప్రయత్నములు జరుగుచున్నవి.

మందులో మిగులు లోహమునకు హద్దులు కూడ నేడు ఏర్పడినవి. పలు దేశములు అంగీకరించిన నియమముల ప్రకారము, నోటితో తీసికొను మందు ద్వారా దినమునకు పల్లాడియము 100 మైక్రోగ్రాములు, సీసము 5 మైక్రోగ్రాములు మించి శరీరమున చేరరాదు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. ఒకప్పుడు సీసమును టన్నులకొలది వీధులలో చల్లిన లోకమే నేడు గ్రాములో పదిలక్షలవ వంతునకు లెక్క వ్రాయుచున్నది. ఈ మార్పు తనంత తాను రాలేదు. విషము తిన్నవారి కన్నీళ్ళవలన, ప్రశ్న అడిగినవారి పట్టుదలవలన వచ్చినది.

ఇక మలేరియా మందునకు లొంగని క్రిముల సంగతి. 1951లో అమెరికాలో కీలి, పాసన్ అను ఇరువురు వేఱొక పదార్థము కొఱకు ప్రయత్నించుచుండగా నారింజ వన్నె స్ఫటికము లేర్పడినవి. దానికే ఫెర్రోసీను అని పేరు. మన యిండ్లలోని తిరుగలిని తలచుకొన్నచో దాని నిర్మాణము తేటపడును. పైన ఒక రాయి, క్రింద ఒక రాయి, నడుమ ఇనుప సీల. ఫెర్రోసీనులో పైన ఐదు కర్బనముల వలయ మొకటి, క్రింద అట్టిదే మఱొకటి. రెండింటి నడుమ ఒక ఇనుప పరమాణువు. పై వలయము తిరుగలి రాయివలె తిరుగను గలదు. ఫ్రాంక్లండ్ చేసిన ద్రవమువలె ఇది గాలికి మండదు, స్థిరముగా నుండును. ఈ తీరు పదార్థములను గూర్చి పరిశోధించిన ఎర్నస్ట్ ఫిషర్, జెఫ్రీ విల్కిన్‌సన్ అను వారికి 1973లో నోబెల్ బహుమానము వచ్చినది.

1997లో, అనగా బేగంపేటలో రాస్ నల్లని రేణువులను చూచిన సరిగా నూఱేండ్లకు, ఫ్రాన్సులోని లిల్ నగర శాస్త్రజ్ఞులు క్రిస్టాఫ్ బియో ప్రభృతులు క్లోరోక్విన్ అణువులో ఫెర్రోసీనును ఇమిడ్చి ఫెర్రోక్విన్ అను క్రొత్త మందును ప్రకటించిరి. క్లోరోక్విన్‌ను బయటికి నెట్టు ద్వారపాలకుడు దీనిని గుర్తుపట్టి నెట్టలేకపోయెను. కర్బనపు వలయములు కప్పుకొన్న ఇనుము క్రిమి లోపల సులభముగా చేరి, హీము పేరుకొనకుండ చేసి, క్రిమి లెక్కను తారుమారు చేయును. క్లోరోక్విన్‌కు లొంగని క్రిములును దీనికి లొంగినవి. క్రిమి ఇనుముతో బ్రదుకుచుండగా మనుష్యుడు ఇనుముతోనే దానిని కొట్టవచ్చునని దీనివలన తెలిసినది.

ఈ మందు ఇంకను అంగడికి రాలేదు. మనుష్యులపై పరీక్షలు జరిగినవి. మఱొక క్రొత్త మందుతో కలిపి ఒక్క మోతాదుతో జ్వరము కుదుర్చవలెనను ప్రయత్నము ఆశించిన ఫలము నీయలేదు. అంతమాత్రమున శ్రమ వ్యర్థము కాదు. ఒక మందు రోగి చేతికి వచ్చులోపల ఎన్ని మెట్లెక్కవలెనో, ఏ మెట్టుమీదనైనను కాలు జారవచ్చునో దీనివలన తెలియుచున్నది. ఫలము తేలకముందే దానిని అద్భుతమని చాటుట కంటె, తేలినంతవఱకు సత్యము చెప్పుటయే శాస్త్రమర్యాద. చలిజ్వరమునకు నేడు ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి యిచ్చు మందునే చెప్పినన్ని దినములు పూర్తిగా వాడుట రోగి ధర్మము. సగములో మానినచో రోగము తిరుగబెట్టును. మందునకు లొంగని క్రిములు పెచ్చుపెరుగుటకును అది తోడ్పడును.

సభాసదులారా! ఒకే కర్బన లోహ బంధము సీసపు పెట్రోలులో విషమైనది, విటమినులో జీవమైనది, మినమాటా సముద్రములో మృత్యువైనది, తార్నాక పరిశోధనశాలలో మందునకు పేరయ్య యైనది. లోహములో దోషమును లేదు, గుణమును లేదు. పట్టినవాని జాగ్రత్తలో నున్నది. కనుక ఊరిప్రక్క ఏ కర్మాగారము వెలసినను గ్రామస్థులు భయపడి పాఱిపోనక్కఱ లేదు. ఉద్యోగములు వచ్చునని కన్నులు మూసికొననును అక్కఱ లేదు. మూడు ప్రశ్నలు అడుగవలెను. ఏ లోహము లోనికి వచ్చుచున్నది? ఏ పని చేయుచున్నది? బయటికి పోవు నీటిలో, పొగలో, మడ్డిలో ఎంత పోవుచున్నది? జవాబును కాగితముమీద అడుగవలెను. వచ్చిన కాగితమును చదువగలవారు ఊరిలో నుండవలెను.

ఆ చదువు కొఱకే ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమును పెద్దలు నెలకొల్పిరి. ఇందు పురాణముల ప్రక్కన రసాయనశాస్త్ర పుస్తకములకును ఒక బీరువా కేటాయించినచో, విత్తనపు సంచిమీది అక్షరములను, మందు సీసామీది అక్షరములను చదివి తల్లిదండ్రులకు విప్పి చెప్పగల బాలబాలికలు ఈ బల్లలచుట్టు కూర్చుందురు. అట్టివారిలో నొకరు రేపు తార్నాకలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుండవచ్చును. గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక! చదువరుల సంఖ్య దినదినాభివృద్ధి నొందుగాక!

స్వస్తి.